లత కలవని మూల

బుధవారం పదకొండు గంటలకు రెండో తలుపు రెక్క కూడా చెడిపోయింది.

చెడింది ఒక్క మూలలోనే. తలుపు రెక్క చుట్టూ లత చెక్కాలి. లత కింది ఎడమ మూలలో మొదలై పైకి వెళ్లి, అడ్డంగా తిరిగి, కుడి పక్కన దిగి, అడుగు నుంచి మళ్లీ మొదలైన చోటికే రావాలి. నాలుగు గంటల పని. మిషన్ నాలుగు గంటలూ ఆగకుండా చేసింది. ఆకులు వచ్చాయి, మొగ్గలు వచ్చాయి. తీరా కింది ఎడమ మూలకు చేరేసరికి లత రెండు కొసలూ కలవలేదు. సాహిరా వెర్నియర్ పెట్టి కొలిచింది. మూడు మిల్లీమీటర్లు. సోమవారం చెక్కిన మొదటి రెక్కలో రెండున్నర.

హనీఫా వెర్నియర్ వైపు చూడలేదు. బొటనవేలును ఆ మూల మీద పెట్టి అటొకసారి, ఇటొకసారి జరిపాడు.

"నలభై ఏళ్లు ఉలి పట్టుకున్నా. నా చేతిలో ఏ రోజన్నా ఇంత దాటిపోయిందా?" అని తలుపును అడిగాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "శనివారం వ్యాన్ రానీలే" అన్నాడు.

వ్యాన్ అంటే మిషన్‌ను వెనక్కి తీసుకుపోవడానికి వచ్చే వ్యాన్. కొడవలూరులో హైవే పక్కన హనీఫాకు తలుపుల షెడ్డు ఉంది. ఇద్దరు చెక్కుడు పనివాళ్లు ఉండేవాళ్లు. ఒకడు బెంగళూరు వెళ్లాడు, రెండోవాడు సొంతంగా పెట్టుకున్నాడు. హనీఫా కుడి భుజం గంటకు మించి కొయ్య సుత్తి ఎత్తనివ్వడం లేదు. సాహిరా నెల్లూరులో డిప్లొమా చదివి, తడ వైపు ఒక కంపెనీలో మూడేళ్లు సీఎన్‌సీ మిషన్ల మీద పని చేసింది. ఆ ఉద్యోగం మానేసి వచ్చి, ఆర్నెల్లు తండ్రి వెంటపడి ఈ మిషన్ కొనిపించింది. కంప్యూటర్‌లో బొమ్మ గీసిస్తే మిషన్ దాన్ని చెక్క మీద చెక్కుతుంది. నెల్లూరు డీలరు గిరిబాబు మూడు నెలల గడువు ఇచ్చాడు, నచ్చకపోతే తిరిగి తీసుకుంటానన్నాడు. శనివారంతో ఆ గడువు తీరుతుంది. సోమవారం మొదటి రెక్క చెడిన సాయంత్రమే హనీఫా గిరిబాబుకు ఫోన్ చేసి వ్యాన్ చెప్పేశాడు. తలుపు సరిగ్గా వస్తే వ్యాన్ వద్దంటానని, రాకపోతే ఎక్కించి పంపిస్తానని కూతురికి కూడా చెప్పాడు. రెండు మాటలే, గొంతు పెంచకుండా.

ఆ ఒంటి రెక్క తలుపు పద్మనాభయ్యది. చిట్టమూరు రైతు. ఆదివారం గృహప్రవేశం, శుక్రవారానికి తలుపు కావాలి. చెక్క కూడా ఆయనదే. సొంత పొలం గట్టు మీది టేకు చెట్టును కోయించి, పలకలు ట్రాక్టర్ మీద తెచ్చి దించి వెళ్లాడు. రెండు రెక్కలు పోగా ఇంకొక్క రెక్కకు సరిపడా మిగిలింది. ఇంకో చెట్టు లేదు.

మిషన్ ఎందుకు తప్పుతోందో కొడవలూరులో అందరికీ తెలుసు, ఒక్కొక్కరికి ఒక్కో కారణం. హనీఫా సముద్రపు గాలి అన్నాడు. ఉప్పు గాలికి తాళం కప్పలే బిగుసుకుపోతుంటే మిషన్ ఒక లెక్కా అన్నాడు. ఆయన భార్య ముంతాజ్ బేగం దిష్టి అంది. మిషన్ వచ్చిన రోజు ఊరంతా వచ్చి చూసిపోయిందని, ఎవరెవరు ఎంతసేపు చూశారో పేర్లతో చెప్పింది. సాహిరా అనుమానం పక్క షెడ్డు మీద పడింది. అది బెన్హర్ ఐసు ఫ్యాక్టరీ. రొయ్యల లారీలకు ఐసు అక్కడి నుంచే పోతుంది. కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా షెడ్డులో లైట్లు ఒక్క క్షణం తగ్గుతాయి.

సాహిరా వెళ్లి అడిగింది. గంటసేపు కంప్రెసర్ ఆపగలవా అన్నా అని. బెన్హర్ ఆమెను, గడియారాన్ని, బయట నిలబడ్డ రెండు లారీలను చూశాడు.

"ఆపతా. ఐసు కరిగితే మాత్రం రొయ్యలన్నీ తెచ్చి మీ మిషన్ మీద పోస్తా. చెక్కుకో."

ఆపాడు. గంటసేపు వాచీ చూసుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. సాహిరా పాత ప్లైవుడ్ ముక్క మీద అదే లతను వేగం పెంచి, లోతు తగ్గించి గీయించింది. గంటలో చుట్టు తిరిగి వచ్చింది. మూలలో ఒకటిన్నర మిల్లీమీటర్ తేడా. బెన్హర్ వంగి చూసి, తన మీద కేసు కొట్టేసినట్టేనా అని అడిగి, వెళ్లి కంప్రెసర్ ఆన్ చేసుకున్నాడు.

మధ్యాహ్నం నరేంద్రబాబు వచ్చాడు. నెల్లూరు నుంచి కావలి దాకా ఈ మిషన్లు ఎక్కడ మొరాయించినా ఆయనకే ఫోన్ వస్తుంది. బైకు మీద ఒక సంచీ, సంచీలో సగం భోజనం, సగం సామాన్లు. ఆయన ముందుగా స్పిండిల్ ఆపించాడు. స్పిండిల్ అంటే చెక్కే బిట్‌ను తిప్పే మోటారు. అది ఆపి, మిషన్‌ను ఉత్తినే గాలిలో లత చుట్టూ తిప్పించాడు. మొదలైన చోటికే వచ్చి ఆగింది, వెంట్రుకవాసి తేడా లేదు. స్పిండిల్ తిప్పుతూ, చెక్క లేకుండా మళ్లీ తిప్పించాడు. ఒకటిన్నర.

"చెక్క తప్పు కాదు, గాలి తప్పు కాదు, బెన్హర్ తప్పు అసలే కాదు. స్పిండిల్ అరుస్తుండాది, ఎన్‌కోడర్ లెక్క తప్పుతుండాది" అన్నాడు.

హనీఫాకు అర్థం కాలేదు. నరేంద్రబాబు టీ తాగుతూ చెప్పాడు. మిషన్‌ను నడిపే ప్రతి మోటారు వెనక ఎన్‌కోడర్ అని ఒకటి ఉంటుంది. మోటారు ఎంత తిరిగిందో కరెంటు టిక్కులుగా లెక్కపెట్టి పంపడమే దాని పని. రొయ్యల కాటా దగ్గర బుట్టలు లెక్కపెట్టే మనిషి లాంటిది అది. పక్కన ఎవడో ఆగకుండా అంకెలు అరుస్తుంటే ఆ మనిషి ఒక బుట్ట ఎక్కువో తక్కువో చెప్తాడు. అతను అబద్ధమాడడు, తప్పు విన్నాడంతే. మిషన్ ఆ లెక్కనే నమ్మి, చేరకముందే చేరాననుకుంటుంది. స్పిండిల్‌కు కరెంటిచ్చే డ్రైవ్ సెకనుకు వేలసార్లు కరెంటును ఆపి వదులుతుంటుంది. అరుపు అక్కడి నుంచి. దాన్నే నాయిస్ అంటారు.

"అరుపు యాడికి పోతుందో తెలిస్తే ఆపొచ్చు" అన్నాడు.

వైర్ల చుట్టూ అరుపును మింగే నల్ల రింగులు తొడిగాడు. ఎర్త్ గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోయించాడు. ఎర్త్ తీగ బోల్టు తుప్పు గీకి బిగించాడు. తేడా ఒకటీ పాయింటు రెండుకు తగ్గింది, పోలేదు. ఇక డ్రైవే మార్చాలని, కొత్తది రావడానికి పది రోజులు పడుతుందని చెప్పి కావలి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ గోడ వారన ఉన్న టేకు కేసింగ్ మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. వచ్చిన ప్రతిసారీ నిమురుతాడు.

ఆ కేసింగ్ హనీఫా చేసింది. మిషన్ బిగించడానికి వచ్చినవాళ్లు, మిషన్ బల్ల నుంచి గోడ దగ్గరి కరెంటు ప్యానెల్ దాకా పన్నెండు అడుగులు వైర్లను విడివిడిగా కొక్కేలకు వేలాడదీసి వెళ్లారు. హనీఫాకు పది రోజులు అన్నం సహించలేదు. తలుపులు కొనడానికి వచ్చేవాళ్లకు మేక పేగుల్లా వేలాడే వైర్లు కనబడటమేమిటని, మిగిలిన టేకు ముక్కలతో పన్నెండు అడుగుల కేసింగ్ చేశాడు. ఒక్క మేకు లేదు. వైర్లన్నీ కలిపి కట్ట కట్టి అందులో పడుకోబెట్టి, పొట్టు దూరకుండా మూతకు జిగురు పెట్టి బిగించాడు. తర్వాత రెండు నెలలూ పేరు పలకలు, దేవుడి గూళ్ల తలుపులు, పావుగంట అరగంట పనులే వచ్చాయి. వాటిలో తేడా వచ్చినా కంటికి ఆనేంత రాలేదు. నాలుగు గంటల పని పద్మనాభయ్యదే మొదటిది.

గురువారం పొద్దున హనీఫా మడతబందులు తేవడానికి నెల్లూరు వెళ్లాడు. సాహిరా స్పిండిల్ తిప్పి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏం చేయాలో తెలిసి కాదు. షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోంచి ముంతాజ్ బేగం వచ్చి, రేడియో చేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అది ఆపమే. పొద్దున వార్తలు వినబడి మూడు నెల్లయింది. ఏ స్టేషన్ తిప్పినా గుర్రుమంటుండాది."

సాహిరా ఆపబోయి ఆగింది. తల్లి చేతిలోంచి రేడియో తీసుకుంది. స్టేషన్ లేని చోటికి ముల్లు తిప్పి ప్యానెల్ దగ్గరికి తీసుకుపోయింది. రేడియో గట్టిగా గుర్రుమంది. స్పిండిల్ దగ్గర కూడా అంతే. షెడ్డు మధ్యలోకి వస్తే తగ్గింది. అరుపు యాడికి పోతుందో తెలిస్తే ఆపొచ్చని నరేంద్రబాబు అన్నాడు. అరుపు వినబడే వస్తువు మూడు నెలలుగా వంటింట్లోనే ఉంది.

తక్కిన మోటార్లకు కరెంటు తీసేసింది. స్పిండిల్ ఒక్కటే తిరుగుతోంది. రేడియోను కేసింగ్ వెంబడి నడిపించింది. పన్నెండు అడుగులూ గుర్రుమంటూనే ఉంది. బల్ల దగ్గర స్పిండిల్ వైరు కేసింగ్ నుంచి బయటికి వచ్చి పైకి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి బల్ల కిందికి పోయేది అక్కడి మోటారు ఎన్‌కోడర్ వైరు ఒక్కటే. ఆమె నేల మీద కూర్చుని రేడియోను బల్ల కిందికి చాపింది. అక్కడ నిశ్శబ్దంగా ఉండాలి. రేడియో గుర్రుమంది.

"ఏంది అది?" అంది ముంతాజ్ బేగం.

సాహిరా కేసింగ్ వైపు చూసింది. దాని మూల జోడింపులు చూసింది. తల్లికి జవాబు చెప్పకుండా నరేంద్రబాబుకు ఫోన్ చేసింది. అరిచేదాన్నీ, లెక్కపెట్టేదాన్నీ ఒకే పెట్టెలో పక్కపక్కన పడుకోబెట్టి మూత వేశామని చెప్పింది.

"దాన్ని నేను ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నానమ్మా" అన్నాడు నరేంద్రబాబు. "లోపల మధ్యలో అడ్డపలక పెట్టుంటాడులే అనుకున్నా. అంత పనోడు పెట్టకుండా ఉంటాడా అని."

"నిన్న అడగొచ్చు గదన్నా."

"అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమోనని."

పన్నెండు గంటలకు ఆయన కొత్త ఎన్‌కోడర్ కేబులుతో దిగాడు. కేసింగ్ జోలికి పోకుండా, ముంతాజ్ బేగం దండెం తాడును స్తంభం నుంచి స్తంభానికి కట్టి, కేబులును దాని మీద వేలాడదీశారు. ఒక కొస బల్ల కింది మోటారుకు, ఇంకో కొస ప్యానెల్‌కు. కేబులు లోపల వైర్ల చుట్టూ రాగి పోగులతో అల్లిన తొడుగు ఉంటుంది. ప్యానెల్ దగ్గర పైతోలు నాలుగు వేళ్ల మేర ఒలిచి, ఆ అల్లికను ఇనుప క్లిప్పుతో ప్యానెల్ రేకుకు బిగించాడు నరేంద్రబాబు. బయటి అరుపును ఆ అల్లిక పట్టుకుని ఎర్త్‌లోకి దించుతుందని చెప్పాడు. పాత కేబులు కొస కేసింగ్ నోట్లోంచి బయటికి వచ్చే చోట చూశాడు. క్లిప్పు లేదు. నల్ల టేపు చుట్టి ఉంది, అంచులు సమంగా. టేపు విప్పాడు. అల్లికను చుట్టూ కత్తిరించేశారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

ప్లైవుడ్ మీద లత మొదలుపెట్టారు. రెండున్నరకు లత తిరిగి వచ్చింది. సాహిరా వెర్నియర్ పెట్టబోయింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కొసలు రెండూ ఒక్కటైపోయాయి. నరేంద్రబాబు తన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

అప్పుడే వాళ్లు, హనీఫాకు ఏం చెప్పాలనే అసలు సమస్య గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నరేంద్రబాబు తప్పంతా పాత కేబుల్ మీద వేద్దామన్నాడు. కంపెనీలో అప్పుడప్పుడు చెడ్డ కేబుళ్లు వస్తుంటాయి, ఎవరూ అడగరు. కేసింగ్‌ను అలాగే ఉంచి, ఈ కొత్తదాన్ని పైన ఎక్కడో నడిపిస్తే సరి. సాహిరాకు ఆ మాట నచ్చింది. నచ్చినందుకు సిగ్గేసింది కూడా. శనివారం మిషన్ ఉండిపోతే చాలు అనుకుంది.

మూడు గంటలకు హనీఫా వచ్చాడు. దండెం మీద కేబులు, దాని కింద దొంగతనంలో పట్టుబడినట్టుగా నిలబడ్డ ఇద్దరు మనుషులు. మడతబందుల పొట్లం బల్ల మీద పెట్టాడు. ప్లైవుడ్ దగ్గరికి వెళ్లి బొటనవేలితో మూల తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"కుదిరిందే" అన్నాడు.

"పాత కేబులు చెడ్డది సాయిబూ. కంపెనీ తప్పు" అన్నాడు నరేంద్రబాబు, నేల వైపు చూస్తూ.

హనీఫా తలూపి ప్యానెల్ దగ్గరికి పోయాడు. కొత్త కేబులు కొసను, క్లిప్పును, క్లిప్పు కింది రాగి అల్లికను వేలితో ముట్టుకున్నాడు. పక్కనే వేలాడుతున్న పాత కొసను చేతిలోకి తీసుకున్నాడు. చెక్కలో ఏ పోగు ఎటు పోతుందో చూడటమే ఆయన జీవితం. రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి చూడటానికి అర నిమిషం కూడా పట్టలేదు.

"దీనికి జుట్టుండాది. దానికీ ఉన్నింది" అన్నాడు. "కేసింగ్ నోరు ప్యానెల్‌కు ఆనాలని క్లిప్పు పీకేసినా. జుట్టు చెదిరి అసహ్యంగా ఉందని కత్తెరతో తీసేసినా. టేపు వేసింది నేనే."

హనీఫా కేసింగ్ పొడవునా చూశాడు.

"ఇదొక్కటేనా? ఇంకేమన్నా ఉందా?"

సాహిరా చెప్పేసింది. లోపల రెండూ కలిపి పడుకోబెట్టడం కూడా తప్పేనని. చెప్పేటప్పుడు నాయనా అని మూడుసార్లు అంది. ఎంత దూరం ఉండాలని ఆయన అడిగాడు. కనీసం జానెడు, ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి తప్ప పక్కపక్కన నడవకూడదు అంది.

"ముందే చెప్పుంటే రెండు చేసేవాణ్ణి గదమ్మా" అన్నాడు. "నేను కేసింగ్ చేస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావు. దీపం పట్టుకున్నావు కూడా."

అది నిజమే. ఆ రోజు ఆమె చూసింది జోడింపులనే. కంపెనీలో మూడేళ్లు ప్రతి కొత్త కేబులు పక్కన జానెడు వదలమని రోజూ చెప్పిన మనిషి, ఇక్కడ తండ్రి చేతులు చూస్తూ ఆ మాట మరిచిపోయింది. సాహిరా ఆ మాట పైకి అంది. నరేంద్రబాబు తన స్టేటస్ సంగతి కూడా ఒప్పుకున్నాడు. హనీఫా ఇద్దరినీ చూసి, ముగ్గురం కలిసి పద్మనాభయ్య చెట్టును తినేశామన్నమాట అన్నాడు.

సన్న ఉలి తెచ్చుకుని మూత కింద దూర్చాడు. నరేంద్రబాబు సుత్తి అందించబోతే వద్దన్నాడు. జిగురు పెళ్లుమంటున్నప్పుడల్లా ముంతాజ్ బేగం కళ్లు మూసుకుంది. మూత ఇరవై నిమిషాల్లో ముక్కలు కాకుండా ఊడి వచ్చింది. ఆయన కట్ట విప్పి పాత ఎన్‌కోడర్ కేబులును లాగి పారేశాడు. కొత్తదాన్ని దండెం మీంచి దించి, గోడకు పైన, కేసింగ్‌కు రెండు జానల ఎత్తున తనే కొక్కేలు కొట్టి వేలాడదీశాడు. ఈసారి వైరు విడిగా, అందరికీ కనబడేలా వేలాడింది. క్లిప్పు సరిగ్గా బిగిసిందో లేదో నరేంద్రబాబును మూడుసార్లు అడిగాడు. రేడియో తెమ్మని బల్ల కింద పెట్టి చూశాడు. గుర్రు బాగా తగ్గింది. ముంతాజ్ బేగం రేడియో లాక్కుని లోపలికి పోయింది.

శుక్రవారం ఉదయం ఆరింటికి చివరి పలకను బల్ల మీద బిగించారు. మొదటి గంట హనీఫా మిషన్ పక్కనే నిలబడ్డాడు. రెండో గంట బయట తిరిగాడు. మూడో గంట ఐసు ఫ్యాక్టరీలో బెన్హర్ దగ్గర కూర్చుని వచ్చాడు. సాహిరా కదల్లేదు. లత కుడి పక్కన దిగి, అడుగు మూల తిరిగి, ఎడమ మూల వైపు వస్తుంటే ఆమె మానిటర్ వదిలేసి బిట్ కొసనే చూసింది. పదీ పదికి బిట్ మొదటి ఆకు కిందికి వెళ్లి, కాడను కలుపుకుని, పైకి లేచి ఆగింది. ఆమె పొట్టు ఊదింది. తండ్రి వంగి బొటనవేలు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. చాలని చెప్పి, గరుకు కాగితం అందుకుని అంచులు రుద్దడం మొదలుపెట్టాడు.

పన్నెండింటికి పద్మనాభయ్య ట్రాక్టర్ వేసుకుని వచ్చాడు. తలుపును నిలబెట్టి ముందు వెనక చూశాడు. చెడిన రెండు రెక్కల సంగతి హనీఫా దాచలేదు. ఆ చెక్క ఎక్కడికీ పోలేదని, అందులోంచి ఆరు కిటికీ రెక్కలు చేసి తనే చిట్టమూరుకు తెచ్చి బిగిస్తానని చెప్పాడు. పద్మనాభయ్య మొహం కొంచెం మాడినా, తలుపును ఇంకోసారి చూసి, కిటికీలకు కూడా ఇదే లత కావాలన్నాడు.

ట్రాక్టర్ వెళ్లాక హనీఫా చేతులు కడుక్కున్నాడు. జుమ్మా నమాజుకు ఇంకా అరగంట ఉంది. టోపీ పెట్టుకుంటూ గిరిబాబుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. రేపు వ్యాన్ వద్దని చెప్పాడు. సోమవారం అంత కోపంగా మాట్లాడారు కదా, ఇంతలో ఏమైందని గిరిబాబు అడిగాడు.

"మిషన్‌లో ఏమీ లేదు గిరిబాబూ. కలవకూడని వైర్లను కలిపి పెట్టెలో పెట్టినా. ఒకదాని అల్లిక కోసేసినా. చేసింది నేనే."

అవతల గిరిబాబు గొంతు సవరించుకున్నాడు. గూడూరులో ఒకాయనకు ఇదే మిషన్ ఇచ్చానని, ఆయన నెల రోజులుగా పువ్వులు చీలిపోతున్నాయని తిడుతున్నాడని, మీ అమ్మాయి ఒకసారి వెళ్లి చూడగలదా అని అడిగాడు.

"ఆమెనే అడుగు" అని హనీఫా ఫోన్ కూతురి చేతికిచ్చాడు.

సాహిరా ఫోన్ చెవికి పెట్టుకుంది. చెక్క గురించి, కరెంటు గురించి గిరిబాబు చెప్పేదంతా విన్నాక, ముందు ఒకటి చెప్పండి అంది. వైర్లు బయటికి కనబడుతున్నాయా, ఎవరన్నా మూసేశారా?

"ఎవరు మూసినారని మాత్రం అడగబాక" అన్నాడు హనీఫా, చెప్పులు తొడుక్కుంటూ.